ఎకరానికి నలభై వేల టన్నుల గాలి

ఉద్దానం, టెక్కలి రైతాంగం వాతావరణం సంగతి ఎందుకు తెలుసుకోవాలి?

రైతుకు తన భూమి లెక్క తెలుసు. ఏ చెక్క మెరక, ఏ మడి పల్లం, ఎక్కడ ఇసక, ఎక్కడ జిగురు మట్టి, ఏ గట్టు కింద నీరు నిలుస్తుంది - ఇవి ఒకరు చెప్పాల్సిన పని లేదు. పట్టాలో ఎకరాలు, సెంట్లు రాసే ఉంటాయి. కాని ఆ ఎకరం మీద నిలబడి ఉన్న గాలి లెక్క ఏ పుస్తకంలోనూ ఉండదు. దానికి శిస్తు లేదు, కౌలు లేదు, పాసుపుస్తకం లేదు. అందుకే కాబోలు, అది ముదిరి తుపాను అయినప్పుడు తప్ప మనం దాని సంగతి తలచుకోం.

పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం మండలాల్లోని కొబ్బరి, జీడి రైతుకైనా, టెక్కలి, సంతబొమ్మాళి వైపు వరి రైతుకైనా, నౌపడ ఉప్పు మళ్లలో కూలీకైనా, తీరంలో వల లాగే వాడికైనా బతుకంతా గాలితోనే ముడిపడి ఉంది. అటువంటి గాలి గురించి నాలుగు ముక్కలు తెలుసుకోవడం బడిపిల్లల పని మాత్రమే కాదు. నష్టపరిహారం అడగాలన్నా, హెచ్చరిక అర్థం చేసుకోవాలన్నా, మన తీరంలో ఏ ఫ్యాక్టరీ రావాలి, ఏది రాకూడదు అని తేల్చుకోవాలన్నా ఆ నాలుగు ముక్కలే ఆధారం.

గాలికి బరువుందా?

"గాలికి బరువేటి బాబూ?" అని నవ్వేవాళ్లున్నారు. గాలికి బరువుంది. చదరపు సెంటీమీటరు జాగా మీద సుమారు ఒక కిలో గాలి నిలబడి ఉంటుంది. చదరపు మీటరు మీద పది టన్నుల పైచిలుకు. అంటే ఎకరం నేల మీద నలభై వేల టన్నులకు పైగా గాలి ఉందన్నమాట. మనకు ఆ బరువు తెలియకపోవడానికి కారణం, అది పై నుంచే కాక అన్ని వైపుల నుంచీ సమానంగా నొక్కుతుంది. మన ఒంటి లోపలి నుంచి కూడా అంతే ఒత్తిడి బయటికి నొక్కుతుంది. నీటి అడుగున చేపకు నీటి బరువు తెలియనట్టే, గాలి సముద్రం అడుగున బతికే మనకు గాలి బరువు తెలియదు.

ఈ ఒత్తిడినే పీడనం అంటారు. సముద్ర మట్టం దగ్గర అది సగటున 1013 మిల్లీబార్లు. రేడియోలో "అల్పపీడనం" అన్నమాట వినపడితే దాని అర్థం ఇంతే: బంగాళాఖాతంలో ఒక చోట గాలి బరువు చుట్టుపక్కల కన్నా తగ్గింది. తగ్గిన చోటికి చుట్టూ ఉన్న గాలి పరుగెడుతుంది. నీరు పల్లానికి పారినట్టు గాలి తక్కువ పీడనం వైపు పారుతుంది. ప్రపంచంలో ఏ గాలి వీచినా, పైరగాలి అయినా, తుపాను గాలి అయినా, మూలం ఇదే.

చెట్టు తినేది గాలినే

ఈ గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజని, 21 పాళ్లు ప్రాణవాయువు. మిగిలిన ఒక్క పాలులో ఆర్గాన్ అనే వాయువే ఎక్కువ. బొగ్గుపులుసు వాయువు పదివేల పాళ్లకు నాలుగే నాలుగు. కాని ఆ నాలుగు పాళ్లే లేకపోతే భూమ్మీద గడ్డిపరక మొలవదు.

చెట్టు మట్టిని తిని పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. మట్టి నుంచి చెట్టు తీసుకునేది నీరు, కొంచెం ఖనిజాలు మాత్రమే. కొబ్బరి మాను, మట్టలు, జీడి కొమ్మ, పనసకాయ, ధాన్యపు గింజ - వీటిలో ఉన్న కార్బనంతా గాలిలో నుంచి ఆకులు పట్టి తెచ్చిందే. ఎండ బలంతో ఆకు బొగ్గుపులుసు వాయువునూ నీటినీ కలిపి పిండి పదార్థం తయారు చేస్తుంది. ఆ పనిలో బయటికి వదిలిన ప్రాణవాయువును మనమూ పశువులూ పీలుస్తాం. కోట్ల సంవత్సరాలుగా సముద్రంలోని నాచు, నేల మీది పచ్చదనం చేసిన ఈ పని వల్లనే గాలిలో నూటికి 21 పాళ్లు ప్రాణవాయువు చేరింది. జీవం లేని పక్క గ్రహాల గాలిలో అది చూద్దామన్నా సరిగా కనిపించదు.

ఇక నత్రజని లెక్క చూడండి. ఎకరం పొలం మీద ఉన్న గాలిలో ముప్ఫై వేల టన్నులకు పైగా నత్రజని ఉంటుంది. అయినా రైతు 45 కిలోల యూరియా బస్తా కోసం తెల్లవారుజామున లైనులో నిలబడతాడు. ఆ బస్తాలో ఉండేది నూటికి 46 పాళ్లు నత్రజనే. గాలిలోని నత్రజనిని పైరు నేరుగా తీసుకోలేదు. ఫ్యాక్టరీ దాన్ని గాలిలోనించే పట్టి, గ్యాసు ఖర్చుపెట్టి ఎరువు చేస్తుంది. అదే పనిని వేరుశనగ, మినుము, పెసర, జనుము వేళ్ల బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు ఖర్చు లేకుండా చేస్తాయి. వరి కోసిన మడిలో మినుములు జల్లిన మన తాతలకు సూక్ష్మజీవి పేరు తెలియదు. ఫలితం మాత్రం తెలుసు.

దుప్పటి, గొడుగు

చందమామ మీద గాలి లేదు. అందువల్ల అక్కడ మధ్యాహ్నం నీరు మరిగేటంత వేడి, రాత్రి సున్నాకు వంద డిగ్రీలకు పైగా కింద చలి. మన భూమి కూడా సూర్యుడికి దాదాపు అంతే దూరంలో ఉంది. మనల్ని కాపాడుతున్నది గాలి దుప్పటి.

పగలు నేల వేడెక్కి, ఆ వేడిని పైకి వదులుతుంది. గాలిలోని నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు దాన్ని కొంత పట్టి ఉంచుతాయి. ఈ దుప్పటే లేకపోతే భూమి సగటు వేడి సున్నాకు 18 డిగ్రీలు కింద ఉండేది. ఇప్పుడు ఉన్నది సుమారు 15 డిగ్రీలు. దుప్పటి పని మన కళ్ల ముందే కనపడుతుంది: పుష్యమాసంలో మబ్బు లేని రాత్రి జీడితోటలో ఎముకలు కొరికే చలి, మబ్బు కమ్మిన రాత్రి అంత చలి ఉండదు. మబ్బు వేడిని పైకి పోనివ్వలేదు, అంతే.

గాలి గొడుగు కూడా. పదిహేను నుంచి ముప్ఫై అయిదు కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఓజోన్ పొర సూర్యుడి అతినీలలోహిత కిరణాల్లో హానికరమైన వాటిని ఎక్కువ భాగం ఆపుతుంది. రిఫ్రిజిరేటర్లలో, స్ప్రే డబ్బాల్లో వాడిన కొన్ని వాయువులు ఆ పొరను తినేస్తున్నాయని తేలాక, 1987లో మాంట్రియల్‌లో దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. వాటి వాడకం తగ్గింది, పొర మెల్లగా కోలుకుంటోంది. మనిషి చెడగొట్టిన గాలిని మనిషి బాగుచేయగలడు, దేశాలు కలిసి కంపెనీల మెడలు వంచితే - అనడానికి ఇది రుజువు.

నౌపడ మళ్లు చెప్పే పాఠం

వాన ఎక్కడిది? జవాబు టెక్కలి పక్కనే, నౌపడ ఉప్పు మళ్లలో ఉంది. సముద్రపు నీరు మళ్లలోకి పెడతారు. ఎండ, గాలి కలిసి నీటిని ఆవిరి చేసి పట్టుకుపోతాయి. ఉప్పు కిందనే మిగులుతుంది, కూలీ దాన్ని గోరి కుప్ప పోస్తాడు. మరి పోయిన నీరేమైంది? అది గాలిలో కంటికి కనపడని ఆవిరిగా ఉంది. బంగాళాఖాతం మొత్తం అటువంటి ఒక పెద్ద ఉప్పు మడి. అక్కడి నుంచి లేచిన ఉప్పు లేని నీరే మబ్బై, వానై, మన చెరువులో పడుతుంది.

వేడి గాలి తేమను ఎక్కువ పట్టుకుంటుంది, చల్లబడితే వదిలేస్తుంది. చల్లటి నీళ్లు పోసిన చెంబుకు బయట చెమ్మ పట్టేది ఇందుకే. గాలి పైకి పోయే కొద్దీ చల్లబడుతుంది, కిలోమీటరుకు సగటున ఆరున్నర డిగ్రీలు. మందస నుంచి చూస్తే కనిపించే మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. కింద ఊళ్లో 35 డిగ్రీలుంటే కొండ నెత్తిన 25 దాకానే ఉంటుందన్నమాట. సముద్రం మీదుగా వచ్చిన తేమగాలి ఆ కొండల వరసను ఢీకొని, తప్పనిసరిగా పైకి ఎక్కి, చల్లబడి, వాన దింపుతుంది. ఆ వానే మహేంద్రతనయ నదిగా దిగి బారువ దగ్గర మళ్లీ సముద్రంలో కలుస్తుంది. కొండ మీద అడవి ఉంటే ఆ నీరు నేలలోకి ఇంకి మెల్లగా దిగుతుంది. అడవి పోతే మట్టితో సహా ఒక్కసారి దిగి గెడ్డలు పొంగుతాయి.

వాన లెక్కను కూడా రైతు తన కొలతలోకి మార్చుకోవాలి. ఒక మిల్లీమీటరు వాన అంటే ఎకరానికి సుమారు నాలుగు వేల లీటర్ల నీరు. "నిన్న 25 మిల్లీమీటర్లు" అని పేపర్లో చదివితే ఎకరం మీద లక్ష లీటర్లు పడిందని లెక్క. మన జిల్లాలో ఏడాదికి పడే వాన వెయ్యి మిల్లీమీటర్ల పైమాటే. నీరు లేక కాదు, ఆపుకొనే చెరువులూ మదుములూ బాగులేక ఉభాల వేళకి నీరు అందడం లేదు.

తేమకు ఇంకో ముఖం ఉంది, ఉక్కపోత. ఒంటి చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే చెమట ఆరదు. అందుకే తీరం ఊళ్లో 36 డిగ్రీలు, లోపలి మెట్ట ఊళ్లో 40 డిగ్రీల కన్నా కష్టంగా ఉంటుంది. ఉద్దానాన్ని దశాబ్దాలుగా తినేస్తున్న కిడ్నీ జబ్బుకు ఏకైక కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు తేల్చలేదు. తాగునీటి నుంచి ఎండలో చాకిరీ దాకా అనేక అనుమానాలను పరిశీలించారు. కారణం ఏదైనా, మండుటెండలో నీళ్లు లేకుండా పని చేయించడం మూత్రపిండాలకు మంచిది కాదన్నది వైద్యులు ఒప్పుకున్న విషయం. జీడి తోటల్లో, ఉప్పు మళ్లలో, ఉపాధి హామీ పనుల్లో, పలాస - కాశీబుగ్గ జీడి పరిశ్రమల్లో పిక్కలు కాల్చే పొయ్యిల దగ్గర పని గంటలు మార్చాలని, నీడ, మంచినీరు ఉండాలని అడగడం అందుకే కోరిక కాదు, హక్కు.

పగటి గాలి, రేతిరి గాలి

ఎండకు నేల తొందరగా కాగుతుంది, సముద్రం మెల్లగా కాగుతుంది. మధ్యాహ్నానికి నేల మీది గాలి వేడెక్కి తేలికై పైకి లేస్తే, ఆ జాగాలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. రాత్రి నేల తొందరగా చల్లారిపోతుంది, అప్పుడు గాలి నేల నుంచి సముద్రం వైపు తిరుగుతుంది. తెరచాప రోజుల్లో మన మత్స్యకారులు తెల్లవారుజామున నేలగాలితో లోపలికి పోయి, మధ్యాహ్నం సముద్రపు గాలితో ఒడ్డుకు వచ్చేవారు. పుస్తకం చదవకుండా నేర్చుకున్న విజ్ఞానం అది.

దీన్నే దేశమంత పెద్దది చేసి చూస్తే రుతుపవనం. వేసవిలో దేశం నేలంతా కాగి పీడనం తగ్గితే, హిందూ మహాసముద్రం నుంచి తేమగాలి నైరుతిగా నాలుగు నెలలు వీస్తుంది. చలికాలానికి నేల చల్లారి గాలి ఈశాన్యానికి తిరుగుతుంది. మన పెద్దల కార్తెల లెక్కకు ఆధారం కూడా ఇదే. కార్తె అంటే సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులు. రోహిణిలో రోళ్లు పగులుతాయన్నా, ఉత్తర చూసి ఎత్తర గంప అన్నా, వందల ఏళ్ల అనుభవాన్ని కాచి వడబోసిన మాటలు. అయితే కార్తె చెప్పేది సగటు. ఈ ఏడు ఏం జరుగుతుందో కార్తె చెప్పలేదు. కప్పలకు పెళ్లి చేస్తే అంతకన్నా చెప్పదు. దానికి పీడనం, తేమ, గాలి దిక్కు కొలిచే యంత్రాలు కావాలి, ఆ కొలతలు రైతు దాకా రావాలి.

తుపాను ఎలా పుడుతుంది?

తుపానుకు ఆహారం సముద్రపు వేడి. నీరు 26, 27 డిగ్రీలకు మించి, ఆ వేడి చాలా లోతు వరకూ ఉంటే, పైకి లేచే తేమగాలి విపరీతంగా ఉంటుంది. ఆ ఆవిరి పైన మళ్లీ నీరుగా మారేటప్పుడు, దాన్ని ఆవిరి చేయడానికి సముద్రం ఖర్చుపెట్టిన వేడి అంతా బయటికి వస్తుంది. ఆ వేడికి గాలి ఇంకా పైకి లేస్తుంది, కింద పీడనం ఇంకా పడిపోతుంది, చుట్టూ గాలి ఇంకా వేగంగా వస్తుంది. భూమి తిరుగుతున్నందువల్ల ఆ గాలి తిన్నగా రాక, మన అర్ధగోళంలో గడియారం ముల్లుకు ఎదురు దిక్కున సుడి తిరుగుతుంది. 1840లలో కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన, చుట్ట చుట్టుకున్న పాము అనే అర్థం వచ్చే గ్రీకు మాట నుంచి "సైక్లోన్" అనే పేరు పెట్టాడు. మన కోరంగిని 1789లో ముంచిన ఉప్పెన ఆయన పరిశీలించిన వాటిలో ఒకటి.

నైరుతి ఉధృతంగా ఉన్న నెలల్లో కింది గాలి ఒక దిక్కుకు, పై గాలి మరో దిక్కుకు బలంగా వీస్తాయి కాబట్టి సుడి నిలదొక్కుకోలేదు. అక్టోబరు, నవంబరులో ఆ అడ్డు తగ్గుతుంది, సముద్రం మాత్రం వేడిగానే ఉంటుంది. సరిగ్గా వరి పొట్ట మీదికి వచ్చే కాలం అది. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన, 2013 అక్టోబరు 12 ఫైలిన్, 2014 అక్టోబరు 12 హుద్‌హుద్, 2018 అక్టోబరు 11 తిత్లీ - తేదీలు చూస్తే చాలు.

వాతావరణ శాఖ భాషను కూడా తెలుసుకోవాలి. గాలి వేగం గంటకు 31 కిలోమీటర్లు దాటితే వాయుగుండం, 51 దాటితే తీవ్ర వాయుగుండం, 62 దాటితే తుపాను, 89 దాటితే తీవ్ర తుపాను, 118 దాటితే అతి తీవ్ర తుపాను. రేవుల్లో ఎగరేసే నెంబర్లు ఒకటి నుంచి పదకొండు. ఒకటి, రెండు అంటే దూరాన సముద్రంలో ఉంది. అయిదు నుంచి ప్రమాదం. ఎనిమిది నుంచి పది మహా ప్రమాదం. పదకొండు అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయి.

ఒకటి మరవకూడదు. గాలి వేగం రెట్టింపైతే దాని తాకిడి రెట్టింపు కాదు, నాలుగింతలు. 75 కిలోమీటర్ల గాలికి ఊగి నిలబడిన కొబ్బరిచెట్టు 150 కిలోమీటర్ల గాలికి నాలుగు రెట్లు తాకిడి భరించాలి. ఇంకొకటి: తుపాను కన్ను ఊరి మీదుగా పోతే మధ్యలో గాలి ఆగిపోతుంది. తేరిపార వచ్చిందని బయటికి వస్తే చిక్కే. కొంతసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి మొదలవుతుంది. ఒక వైపు వంగి వేళ్లు వదులైన చెట్టును రెండో గాలి పెళ్లగిస్తుంది.

తిత్లీ నేర్పిన లెక్క

తిత్లీ అంటే సీతాకోకచిలుక. 2018 అక్టోబరు 8న వాయుగుండం, 9న తుపాను, 10న అతి తీవ్ర తుపాను, 11 తెల్లవారుజామున పలాస సమీపంలో తీరం దాటింది. గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు, విసురుకు 165. మొత్తం మూడు రోజుల కథ. తీరం దాటాక ఒరిస్సా కొండల మీద కురిసిన వాన వంశధారను పొంగించింది. గాలికి తోటలు పోయిన వాడు ఒకడైతే, నీటికి వరి పోయిన వాడు ఇంకొకడు.

"గాలొచ్చి ఇరిసీసింది, ఇంకేటి మిగిల్నాది?" అన్న మాటే ఉద్దానంలో ఏ గడపలో అడిగినా. 1977లో దివిసీమలో వేల మంది చనిపోయారు. తర్వాత విశాఖలో తుపాను హెచ్చరిక కేంద్రం బలపడింది, ఉపగ్రహాలు వచ్చాయి, రాడార్లు వచ్చాయి, తీరంలో షెల్టర్లు వచ్చాయి. ప్రాణనష్టం బాగా తగ్గింది. ఇది విజ్ఞానం సాధించిన విజయం, దాన్ని ఒప్పుకోవాలి. కాని మనుషుల్ని షెల్టరుకు తరలించవచ్చు. కొబ్బరి తోటను తరలించలేం.

వరి పోతే ఒక పంట పోతుంది. వచ్చే ఏడు మళ్లీ ఆకుమడి వేసుకోవచ్చు. కొబ్బరి చెట్టు పడితే కొత్త మొక్క కాపుకు రావడానికి అయిదారేళ్లు, నిండుగా కాయడానికి ఇంకా ఎక్కువ. అరవై ఏళ్లు కాసే చెట్టుకు 2018లో ప్రభుత్వం ప్రకటించింది 1,500 రూపాయలు. ఆందోళనలు జరిగాక తర్వాతి సంవత్సరంలో దాన్ని 3,000 చేశారు. ఏడాదికి ఎనభై కాయలు కాసే చెట్టు అనుకోండి. కాయ పది రూపాయలకే అమ్మినా ఆ 3,000 నాలుగేళ్ల కాపుకు కూడా సరిపోవు. పడిన మాను తీయించే కూలి, మధ్యలో పోయిన అరటి, పనస, పసుపు ఈ లెక్కలో లేనే లేవు. చెట్టును పంటగా కాక, ఇల్లులాగా, ఫ్యాక్టరీలాగా ఆస్తిగా చూసి పరిహారం కట్టాలన్న రైతు వాదన శాస్త్రానికి కూడా తగినది.

కౌలుదారు సంగతి మరీ అన్యాయం. గాలి విరిచింది అతని కష్టాన్ని, జాబితాలో పేరు భూయజమానిది. 2019లో వచ్చిన సాగుదారు హక్కుల చట్టం కూడా యజమాని సంతకం ఉంటేనే కౌలుదారుకు కార్డు అంది. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం, పెట్టకపోతే పరిహారం పోతుందని కౌలుదారు భయం. తుపాను మాత్రం ఎవరి సంతకం కోసమూ ఆగదు.

బొగ్గు, బీల, తంపర

ఫ్యాక్టరీలూ రైళ్లూ మొదలు కాక మునుపు గాలిలో పదిలక్షల పాళ్లకు 280 పాళ్లు బొగ్గుపులుసు వాయువు ఉండేది. 1958లో హవాయి దీవుల్లో కొలవడం మొదలుపెట్టినప్పుడు 315. ఇప్పుడు 420 దాటింది. దుప్పటి మందమైంది. భూమి సగటు వేడి ఒక డిగ్రీకి పైగా పెరిగింది. ఒక డిగ్రీ పెరిగితే గాలి నూటికి ఏడు పాళ్లు ఎక్కువ తేమ పట్టుకుంటుంది, కాబట్టి పడితే కుంభవృష్టి. పెరిగిన వేడిలో పెద్ద వాటా సముద్రమే తాగింది, కాబట్టి తుపానుకు తిండి ఎక్కువ. ఒక్క రోజులోనే ముదిరిపోయే తుపానుల గురించి శాస్త్రవేత్తలు ఆందోళన చెందుతున్నది ఇందుకే. హెచ్చరికకు దొరికే వ్యవధి తగ్గిపోతుంది.

ఈ పొగ ఎవరిది? సగటు భారతీయుడి వాటా ప్రపంచ సగటులో సగం కూడా లేదు. అమెరికా పౌరుడి వాటా మనకు ఎన్నో రెట్లు. మన దేశంలో కూడా జీడి పిక్కలు ఏరే కూలీ వాటా, ఏసీ గదుల వారి వాటా ఒకటి కాదు. పొగ వదిలిన వాడు ఒకడు, ఇల్లు కూలిన వాడు ఇంకొకడు.

ఈ విషయం మన తీర ప్రజలకు సభల్లో పెద్దలు చెప్పక ముందే తెలుసు. సోంపేట బీలలో బొగ్గు విద్యుత్ కేంద్రం వద్దన్న రైతులు, మత్స్యకారుల మీద 2010 జులై 14న పోలీసు కాల్పులు జరిగాయి. సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి తంపరలో 2011 ఫిబ్రవరి 28న అదే జరిగింది. రెండు చోట్లా పేదల ప్రాణాలు పోయాయి. కాగితాల మీద ఆ భూములు పనికిరాని చిత్తడి. నిజానికి బీల, తంపర అంటే వాన నీటిని ఆపుకొనే తొట్టి, వరద కొట్టుకురాకుండా మింగే జాగా, చేప, గడ్డి, వరి ఇచ్చే భూమి. సైబీరియా వైపు నుంచి వచ్చే పక్షులు మన తేలినీలాపురం చేరుతున్నాయంటే ఈ నీటి జాగాలే కారణం. ప్రాణాలిచ్చి ఆ రైతులు కాపాడింది తమ పొలాన్నే కాదు, మనందరి గాలిని కూడా.

ఏం చేయాలి?

తుపానును ఆపే మంత్రం ఎవరి దగ్గరా లేదు. దాని దెబ్బను తగ్గించే పనులు మాత్రం ఉన్నాయి.

తీరం పొడవునా సరుగుడు, మొగలి, జీడి గాలి అడ్డుగా మళ్లీ పెంచాలి. ఇసక దిబ్బలను తవ్వనివ్వకూడదు. దిబ్బ ఉప్పెనకు గోడ, తోట గాలికి గోడ. తోటలో ఒక్క కొబ్బరినే నమ్ముకోకుండా ఎత్తు, పొట్టి, లోతు వేరు, పై వేరు కలిసిన మిశ్రమ పంటలు వేసుకునేందుకు మొక్కలు, పెట్టుబడి ప్రభుత్వమే ఇవ్వాలి. 

వాన, గాలి కొలతలు మండల కేంద్రంలో తీసి ఊరంతటికీ అంటగట్టరాదు. కవిటిలో తోట పడితే కంచిలిలో పడకపోవచ్చు. ఊరికొక వానమాపకం పెట్టి, బడి పిల్లలతోనే కొలిపించి, ఆ పుస్తకం పంచాయతీలో అందరూ చూసేలా ఉంచాలి. బీమా కంపెనీ లెక్క తప్పయినప్పుడు చూపడానికి ఊరి చేతిలో రుజువుంటుంది. సూచన వినడానికి రైతు వాడే భాష కావాలి: "విస్తారంగా, అక్కడక్కడా" అనే మాటల కన్నా, "రేపు పిక్కలు ఆరబోయకండి, కోసిన వరి కుప్ప వేయండి" అన్న మాట ఎక్కువ మేలు.

చెట్ల పంటలకు ఆస్తి లెక్కన పరిహారం, సాగు చేసిన వాడి పేరున నమోదు, పడిన తోట కాపుకు వచ్చే దాకా అప్పుల వసూలు నిలుపుదల - ఇవి తుపాను వచ్చాక ఇచ్చే దయాధర్మాలుగా ఉండరాదు. ముందే రాసి ఉంచిన నిబంధనలుగా ఉండాలి.

గాలికి గట్లు లేవు, సర్వే రాళ్లు లేవు. పెత్తందారు తోట మీదా, కౌలుదారు మడి మీదా ఎకరానికి అదే నలభై వేల టన్నులు. ప్రకృతి సమానంగా ఇచ్చిన ఆస్తి ఇదొక్కటే మిగిలింది. దాన్ని పొగతో నింపే వాళ్ల లాభం, దాని దెబ్బ తినే వాళ్ల నష్టం ఒకే కాటాలో వేసి తూచమని అడగడానికి ఉద్దానం రైతు కన్నా హక్కున్న వాళ్లెవరు? వచ్చే అక్టోబరు లోగానే ఊరూరా రైతు సంఘం ఈ లెక్కలు చర్చకు పెట్టాలి. సముద్రం వేడెక్కాక మొదలుపెడితే అప్పటికి ఆలస్యమైనట్టే.